పట్టిన చేపను మళ్లీ సముద్రంలో పారేయడం ఎందుకు? తరగతిలో జవాబు చెప్పలేకపోయాను

హనుమకొండ_పంతులు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. మొన్న సముద్ర మత్స్య సంపద గురించి చెబుతూ, వాణిజ్య పడవలు పట్టిన చేపల్లో కొంత భాగాన్ని ఒడ్డుకు తేకుండా నీళ్లలోనే పారేస్తాయన్న వాక్యం ఒకటి చదివి ముందుకు సాగబోతుంటే, చివరి బల్ల మీద కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, అంత డీజిలు పోసి, రాత్రంతా మేలుకొని పట్టిన చేపను ఎవరైనా ఎందుకు పారేస్తారు?" అని అడిగింది. ఆ అమ్మాయి తండ్రి చెరువుల్లో వల వేసి బతికే మనిషి, వాళ్ల ఇంట్లో దోసెడు పరిగెలు కూడా ఊరికే పోవు. నేను "అక్కరలేనివి కాబట్టి" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, అది జవాబు కాదని ఆమెకూ అర్థమైంది, నాకూ అర్థమైంది.

ఇంటికి వచ్చి చదవడం మొదలుపెడితే సందేహాలు తీరకపోగా పెరిగాయి. ఒకచోట ప్రపంచంలో ఏటా 2 కోట్ల 70 లక్షల టన్నులు పారేస్తారని ఉంది, ఇంకొకచోట 73 లక్షలు, మరొకచోట 91 లక్షలు. ఇవన్నీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పేరు మీదనే ఉన్నాయి. ఐరోపాలో చేపల సంరక్షణ కోసం పెట్టిన నియమాలే చేపలను పారేసేలా చేశాయని కూడా చదివాను, అది ఎలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు. ఇవి కాక, పోయిన వేసవిలో ధర్మసాగర్ వైపు ఒక చెరువులో వల లాగుతుంటే చూడటానికి వెళ్లినప్పుడు, బొచ్చెలు, రవ్వలు వ్యానులో ఎక్కిన తరువాత కట్ట వాలున రెండు గంపలకు సరిపడే చేపలు ఎండలో పడి ఉండటం కళ్లారా చూశాను. సముద్రంలో జరిగేదీ, మన కట్ట మీద నేను చూసిందీ ఒకటేనా? తెలిసినవారు వివరంగా రాస్తే పిల్లలకు సరిగా చెప్పగలుగుతాను.

లెక్కల_గుమాస్తా

పంతులుగారూ, నమస్తే. మాది నర్సంపేట దగ్గరి ఊరు. 1990ల మొదట్లో బతుకుతెరువు కోసం విశాఖపట్నం వెళ్లి, చేపల రేవులో మొదట ఒక ఐసు ఫ్యాక్టరీలోనూ, ఆ తరువాత ఒక బోట్ల యజమాని దగ్గరా చాలా ఏళ్లు లెక్కలు రాశాను. నేను వల లాగినవాణ్ణి కాను. కాని ఏ బోటు ఎన్ని దిమ్మెల ఐసు ఎక్కించుకుంది, ఎంత డీజిలు పోయించుకుంది, ఎన్ని రోజులకు తిరిగి వచ్చింది, రేవులో ఏం దించింది అన్నవన్నీ నా పుస్తకంలో ఉండేవి. మీ విద్యార్థిని అడిగినదానికి జవాబు కూడా ఆ పుస్తకంలోనే ఉందని నా అభిప్రాయం.

రొయ్యల కోసం వెళ్లే ట్రాలరు వల, సముద్రపు అడుగును రాసుకుంటూ పోయే పెద్ద గరాటు వంటి సంచి. మూడు నాలుగు గంటలు ఈడ్చి, మరతో పైకి ఎత్తి, వెనుక సంచి ముడి విప్పితే డెక్కు మీద ఒక కుప్ప పడుతుంది. ఆ కుప్పలో రొయ్యలు వెతికి ఏరుకోవలసినన్నే ఉంటాయి. మిగిలినదంతా వేలెడు సావడాయిలు, కారలు, చిన్న పీతలు, టేకు పిల్లలు, నత్తలు, గవ్వలు, పేరు కూడా ఎవరూ పెట్టని జీవాలు. వేడి ప్రాంతపు సముద్రాల్లో కిలో రొయ్యకు ఐదు నుంచి పది కిలోల ఇతర జీవాలు పడతాయని తరచూ చెబుతుంటారు, మా వాళ్ల మాటల్లో విన్నదానికి అది దూరం కాదు.

ఇక లెక్క చూడండి. అప్పట్లో విశాఖ నుంచి వెళ్లే పెద్ద ట్రాలర్లు టైగర్ రొయ్య కోసం బెంగాల్ వైపు శాండ్‌హెడ్స్ దాకా పోయేవి. వాటికంటే చిన్నవైన సోనా బోట్లు కూడా పది పదిహేను రోజులు సముద్రంలోనే ఉండేవి. బోటు అడుగున ఉండే ఐసు గదే దాని పొట్ట. ఆ గది నిండితే వేట ముగిసినట్లే, డీజిలు మిగిలినా తిరిగి రావలసిందే. కిలో టైగర్ రొయ్య ఎంత ఐసు తింటుందో, కిలో కారలు కూడా అంతే తింటాయి, అంతే చోటు ఆక్రమిస్తాయి, ధర మాత్రం ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. అందుకని మొదటి వారం రొయ్య ఏరుకొని మిగిలిన కుప్పను పారతో నీళ్లలోకి నెట్టేవారు. చివరి రెండు మూడు రోజుల్లో పడిన చేపను మాత్రం, గదిలో చోటు ఉంటే, రేవుకు తెచ్చేవారు. వలా అదే, మనుషులూ వాళ్లే. ఒకే రకం చేప సోమవారం చెత్త అయి, పై వారం శనివారం సరుకు అయ్యేది. నేను మొదట్లో దీన్ని నమ్మలేదు, కాని దించిన సరుకు లెక్కలు అదే చెప్పేవి.

"పారేస్తే మళ్లీ బతుకుతాయి కదా" అని మీ పిల్లలు అడగవచ్చు. పీతలు, కొన్ని నత్తలు బతకవచ్చు గాని చేపల్లో బతికేవి తక్కువ. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగినప్పుడు గాలితిత్తి ఉబ్బిపోతుంది, సంచిలో పై బరువుకు కింది చేప నలిగిపోతుంది, ఆపైన రొయ్య ఏరడం పూర్తయ్యే దాకా కుప్ప ఎండలోనే ఉంటుంది. నీళ్లలో పడేసరికి వాటిలో ప్రాణం ఉండదు, బోటు వెనుక పక్షులు మాత్రం మూగి ఉంటాయి.

ఇప్పుడు పరిస్థితి అలాగే లేదు. రొయ్య తగ్గింది, డీజిలు ధర పెరిగింది, చేపపొడి ఫ్యాక్టరీల వాళ్లు ఆ "చెత్త"నే కిలోల లెక్కన కొనడం మొదలైంది. కొన్ని బోట్లలో పనివాళ్లే ఆ చిన్న చేపను డెక్కు మీద ఎండబెట్టి, తమ చేతి ఖర్చులకు అమ్ముకునేవారు. మన వైపు వారపు అంగళ్లలో గోనె సంచి పరిచి అమ్మే కలగాపులగం ఎండు చేపలున్నాయే, అవి చాలావరకు ఇటువంటి దారిలో వచ్చినవే. పారేయడం తగ్గినందుకు సంతోషించాలో, వేలెడు పిల్ల చేపకు కూడా ధర పలికినందుకు బాధపడాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఓరుగల్లు_భోజనప్రియ

ఒక చిన్న సందేహం. సముద్రంలో పారేసినదాన్ని పక్షులో, ఇతర చేపలో తింటాయి కాబట్టి అది వృథా ఎలా అవుతుంది? మన పెరట్లో మిగిలిన అన్నం కాకులకు వేసినట్లే కదా.

జలచరం

పంతులుగారికి నమస్కారం. నేను వరంగల్‌లోనే జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, సముద్రం నా అంశం కాదు గాని ఈ లెక్కలను కొంత శ్రద్ధగా చదివాను.

ముందుగా భోజనప్రియగారి సందేహం. కాకులకు వేసే అన్నం మన కంచంలో మిగిలింది, రేపటి విత్తనం కాదు. పారేసే కుప్పలో ఎక్కువ భాగం ఇంకా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని పిల్ల చేపలు. అవి పెద్దవైతే రేపు వలలో పడవలసిన వంజరమో, పారో, సావడాయో అవుతాయి. పారేసిన చేపలను సముద్ర పక్షులు, సొరలు, అడుగున తిరిగే పీతలు తింటాయన్నది నిజమే. బ్రిటన్, నార్వేల మధ్యనున్న ఉత్తర సముద్రంలో కొన్ని పక్షి జాతులు ఈ ఉచిత భోజనం మీద ఆధారపడి పెరిగాయి కూడా. అయితే అది ఒక చోట తీసి వేరొకచోట పెట్టడమే తప్ప, చేపల సంఖ్యకు జరిగిన నష్టం పూడదు.

ఇక అంకెలు. రెండు మాటలను మొదట వేరు చేసుకోవాలి. కోరి వెతికిన జాతి కాకుండా వలలో పడిన ప్రతిదీ కోరని పట్టు. అందులో ఒడ్డుకు తెచ్చి అమ్మినదీ ఉంటుంది, నీళ్లలోకి నెట్టినదీ ఉంటుంది. నెట్టినది మాత్రమే పారవేత. వార్తల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు, సగం గందరగోళం అక్కడే పుడుతుంది. 1994లో ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురించిన తొలి అంచనా 2 కోట్ల 70 లక్షల టన్నులు. అసలు ఆ నివేదికే 1 కోటి 79 లక్షల నుంచి 3 కోట్ల 95 లక్షల మధ్య ఎక్కడైనా ఉండవచ్చని చెప్పింది, జనం నడుమ అంకె ఒక్కటే పట్టుకున్నారు. 2005 నివేదిక వేరే పద్ధతిలో, ఒక్కొక్క రకం వేటను విడివిడిగా లెక్కించి, 73 లక్షల టన్నులని, అంటే మొత్తం పట్టులో సుమారు 8 శాతమని తేల్చింది. అందులో నాలుగో వంతుకు పైగా వేడి సముద్రాల రొయ్యల ట్రాలింగ్ నుంచే వచ్చింది, గుమాస్తాగారు రాసిన కుప్ప అదే. 2019లో వెలువడిన మూడో నివేదిక 2010-2014 సంవత్సరాలకు ఏటా 91 లక్షల టన్నులు, 10.8 శాతం అంది. అందులో సుమారు 42 లక్షల టన్నులు అడుగున ఈడ్చే ట్రాలు వలలవి. కాబట్టి 2 కోట్ల 70 లక్షల నుంచి 73 లక్షలకు పడిపోయి, మళ్లీ 91 లక్షలకు ఎగబాకిందని పిల్లలకు గీత గీసి చూపకండి. మొదటి లెక్క కొలబద్ద వేరు, తరువాతి రెండింటిది వేరు, పైగా మూడూ అంచనాలే. కొంత తగ్గుదల నిజమైనదే, కాని ఆ తగ్గుదలలో ఒక వాటా చేపపొడి గిరాకీది, ఇంకొక వాటా చేపలే తగ్గిపోవడానిది.

నియమమే పారేయించడం ఎలా అన్నది మీ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది. ఐరోపా సమాఖ్యలో ఒక్కొక్క జాతికి ఏటా ఇంత పట్టాలని వాటా నిర్ణయిస్తారు. పాత పద్ధతిలో ఆ వాటాను రేవులో దించిన చేపతో కొలిచేవారు. ఒక పడవకు కాడ్ అనే చేప వాటా అయిపోయి, హాడక్ అనే చేప వాటా మిగిలి ఉందనుకోండి. ఈ రెండూ ఒకే నీళ్లలో కలిసి తిరుగుతాయి, హాడక్ కోసం వల వేస్తే కాడ్ పడకుండా ఉండదు. పడిన కాడ్‌ను రేవుకు తెస్తే నేరం, నీళ్లలో పారేస్తే నేరం కాదు. నిర్ణీత కొలత కంటే చిన్న చేపకూ ఇదే గతి. ఇది చాలదన్నట్లు, వాటా కిలోల్లో ఉంటుంది కాబట్టి, ఆ కిలోలను ఎక్కువ ధర పలికే పెద్ద చేపతోనే నింపుకోవాలని, అమ్మదగిన మధ్యరకం చేపను కూడా పారేసేవారు. ఉద్దేశం మంచిదే, కొలిచే చోటు తప్పింది. చేప చచ్చేది వలలో, లెక్క రాసేది రేవులో.

నార్వే దీన్ని ముందే గ్రహించి 1987లోనే కాడ్, హాడక్ చేపల పారవేతను నిషేధించింది. అక్కడ వాటాకు మించి తెచ్చిన చేపను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది గాని, ఒడ్డుకు తెచ్చిన శ్రమకు కొంత చెల్లిస్తుంది. లాభం రాదు కాబట్టి కావాలని పట్టరు, పూర్తిగా నష్టం లేదు కాబట్టి పారేయరు. పిల్ల చేపలు ఎక్కువగా పడుతున్న చోటును కొన్నాళ్లు మూసేసి పడవలను వేరే చోటికి పంపే ఏర్పాటు కూడా ఉంది. ఐరోపా సమాఖ్య 2013లో చట్టం మార్చి, 2015 జనవరి 1 నుంచి దశలవారీగా, 2019 జనవరి 1 నాటికి వాటా ఉన్న జాతులన్నిటికీ, పట్టినదంతా ఒడ్డుకు తేవాలన్న నియమం పెట్టింది. కొలతకు తగ్గిన చేపను నేరుగా మనుషుల తిండికి అమ్మకూడదు, లేకపోతే పిల్ల చేపకు బజారు ఏర్పడుతుంది. మినహాయింపులు లేకపోలేదు. పారేసినా బాగా బతికే జాతులకు ఒక మినహాయింపు, వేరుచేయడం మరీ కష్టమైన చోట 5 శాతం దాకా ఇంకొకటి. నడిసముద్రంలో ఎవరూ చూడని చోట ఈ నియమం అమలవుతోందా అంటే, పడవ మీద కెమెరా ఉంటే తప్ప నమ్మకంగా చెప్పలేమన్నదే అక్కడి వాదన.

మన దేశంలో జాతికి ఇంతని వాటాలు లేవు కాబట్టి ఆ రకం పారవేత కూడా లేదు. మనది గుమాస్తాగారు చెప్పిన ఐసు గది, ధరల కథ. అందువల్ల ఇక్కడ పనికొచ్చే మార్గం వలను మార్చడమే. మామూలు వలలోని వజ్రాకారపు కన్ను ఈడ్చేటప్పుడు సాగి మూసుకుపోతుంది, చిన్న చేప బయటికి పోవడానికి సందు ఉండదు. అదే కన్నును చదరంగా అమర్చితే లాగుతున్నా తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ తాబేళ్లు తప్పించుకునే పరికరాన్ని మన వలలకు తగినట్లు తయారుచేసింది. సంచి మెడ దగ్గర ఇనుప కమ్ముల చట్రం ఉంటుంది, రొయ్య కమ్ముల మధ్య నుంచి లోపలికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంత నుంచి బయటపడుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు తిరిగే మన తూర్పు తీరానికి ఇది ముఖ్యమైన విషయం. ఈ పరికరం లేని దేశాల రొయ్యను అమెరికా కొననన్నప్పుడు, భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదం లేవదీశాయి. పరికరం పెడితే సరుకు జారిపోతుందన్నది బోట్ల వాళ్ల అభ్యంతరం. రోజు కూలీ సరుకు మీద ఆధారపడినవాడు ఆ మాట అనడంలో నాకు తప్పు కనిపించదు.

కోళ్లఫారం_హుజూరాబాద్

గుమాస్తాగారు చేపపొడి గురించి రాశారు కాబట్టి ఒక మాట. ఆ పొడి వచ్చి చేరేది చాలావరకు మాలాంటి వాళ్ల దాణాలోకి, ఆంధ్రాలోని చేపల, రొయ్యల చెరువుల మేతలోకి. మా నాన్న కోళ్లు పెంచే రోజుల్లో ఎండు చేప మూటలు తెచ్చి ఇంటి దగ్గరే మర పట్టించేవారు. అందులో ఉప్పు ఎక్కువై ఒకసారి కోడిపిల్లలు నీళ్లు తాగీ తాగీ పారుకొని చచ్చిపోయాయి, ఇంకొకసారి తూకానికి ఇసుక కలిపి అంటగట్టారు. ఇప్పుడు మేము ఎక్కువగా సోయా చెక్క మీదనే నడుపుతున్నాం. సముద్రపు పిల్ల చేప కోడిగుడ్డు రూపంలో మీ కంచంలోకి వచ్చినా, అది మంచి బేరమని నేను అనుకోను, ఎందుకంటే మనిషి నేరుగా తినగలిగిన చేపను కోడికి పెట్టి గుడ్డు తీయడంలో నడుమ చాలా పోతుంది.

రామప్ప_వల

పంతులుగారూ, నమస్కారం. మాది రామప్ప దిక్కు ఊరు, నేను మత్స్య సహకార సంఘంలో సభ్యుణ్ణి, కొన్నాళ్లు కార్యదర్శిగా కూడా పనిచేశాను. కట్ట మీద మీరు చూసినదాని గురించి నేనే జవాబు చెప్పాలి.

సముద్రంలో జరిగేదీ, చెరువులో జరిగేదీ ఒకటి కాదు గాని, పూర్తిగా వేరు కూడా కాదు. మా చెరువుల్లో వర్షాకాలంలో చేప పిల్లలు వదులుతాం. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ పిల్లలు అవి. వేసవిలో నీళ్లు తగ్గి, చేపలు ఒక మూలకు చేరినప్పుడు పెద్ద వల లాగుతాం. మృగశిర కార్తె నాటికి, అంటే జూన్ 7 లేదా 8 నాటికి, చేప చేతిలో ఉంటే ధర మాది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం, పడమటి తీరంలో జూన్ 1 నుంచి రెండు నెలలు నిషేధం. అంటే మృగశిర నాడు రెండు తీరాల్లోనూ మరపడవలు కట్టేసే ఉంటాయి. ఆ రోజు వరంగల్‌లో జనం తినేదంతా చెరువు చేపే, కాకపోతే కొల్లేరు వైపు నుంచి లారీల్లో వచ్చిన పెంపకం చేప. మా తొందర అంతా ఆ నాలుగు రోజుల కోసమే.

వల లాగిన రోజు మా వలలో పడేవి మూడు రకాలు. వదిలిన చేప, వదలకపోయినా చెరువులో ఎప్పటి నుంచో ఉన్న చేప, ఎవరూ కోరని చేప. మొదటిది వ్యాపారి ఎత్తుకుపోతాడు. రెండోదాంట్లో కొర్రమీనుకు ఎప్పుడూ కొరత లేని గిరాకీ ఉంటుంది, మన రాష్ట్ర చేప కూడా అదే. వాలుగ, జెల్ల, మార్పు, బొమ్మిడాయి వంటివి వల లాగినవాళ్ల వాటాకు పోతాయి. పరిగెలు, బుడ్డపక్కెలు ఆడవాళ్లు గంపలకెత్తుకొని ఊళ్లో అమ్ముతారు, మిగిలితే ఎండబెడతారు. మీ విద్యార్థిని ఇంట్లో దోసెడు పరిగెలు పోవని మీరు రాసింది అక్షరాలా నిజం, ఎందుకంటే మాకు ఐసు గది లేదు, ఇల్లు కట్ట కిందనే ఉంటుంది.

మీరు చూసిన రెండు గంపలు బహుశా మూడో రకం అయి ఉంటాయి. అందులో ఒకటి జిలేబీ చేప (తిలాపియా). 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా జాతి చేప ఎక్కడ పడితే అక్కడ, అరచేతి పరిమాణానికి కూడా రాకముందే పిల్లలు పెట్టి, చెరువును నింపేస్తుంది. బాగా పెరిగిన జిలేబీని కొంటారు, వేలెడు జిలేబీని వ్యాపారి తాకడు. ఒక ఏడు మా దగ్గరికి వచ్చిన వ్యాపారి, కిలోకు తగ్గిన బొచ్చెను కూడా పక్కన పడేయించి, బేరం కుదిరిన తరువాత ధర తగ్గించాడు. ఎండ ముదురుతోంది, ఐసు ఆయన వ్యానులోనే ఉంది, మేము చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ రోజు మంచి చేపే కట్ట మీద మెత్తబడిపోయింది. సముద్రంలో చోటు లేక పారేస్తే, మేము ఐసు లేక పారేశాం. గుమాస్తాగారు రాసింది చదివినప్పుడు నాకు ఆ రోజే గుర్తుకు వచ్చింది.

రెండోది దెయ్యం చేప. అక్వేరియం గాజు తొట్లలో పాచి తినడానికి పెంచేవారట, పెద్దదయ్యాక ఎవరో చెరువుల్లో, కాలువల్లో వదిలారు. ఒంటి నిండా ముళ్ల పెంకు, వలలో పడితే వలను చీల్చి గాని రాదు, కట్ట వాలులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, ఎవరూ తినరు. దీన్ని మేము కావాలనే నీళ్లలోకి తిరిగి వదలం, ఒడ్డున పడేసి గుంట తీసి పూడ్చేస్తాం. గుంట తీసే ఓపిక లేని రోజున అది కట్ట మీదనే ఎండుతుంది, దారిన పోయేవాళ్లకు అది చేపలను వృథా చేయడంగానే కనిపిస్తుంది. కాబట్టి పంతులుగారూ, పారేసినదంతా ఒకే గాటన కట్టకండి. సముద్రంలో పారేస్తే నష్టం, ఈ చేపను పారేయకపోతే నష్టం.

పారేయకుండా చేసే నష్టం కూడా ఒకటుంది. పెద్ద జలాశయాల్లో కొందరు అలివి వలలు వేస్తారు. దోమతెర వంటి కన్ను, నిషేధం ఉన్నా ఆగదు. అందులో పడిన వేలెడు పిల్లలను ఒక్కటి కూడా పారేయరు, అన్నీ ఒడ్డునే ఎండబెట్టి మూటలు కట్టి పంపుతారు. పారవేత లెక్కలో అది సున్నా. చెరువుకు జరిగేది మాత్రం సున్నా కాదు. జలచరంగారు రాసినట్లు అంతా వల కన్ను దగ్గరే తేలాలి. మా సంఘంలో పెద్ద కన్ను వలే వాడాలని తీర్మానం రాసుకున్నాం. నీళ్లు అడుగంటిన ఏడు ఆ తీర్మానం నిలబడదు, ఎందుకంటే ఎండిపోయే చెరువులో పిల్ల చేపను వదిలినా అది కొంగ పాలే.

హనుమకొండ_పంతులు

అందరికీ ధన్యవాదాలు. నిన్న తరగతిలో ఐసు గది సంగతి చెప్పాను. నల్లబల్ల మీద ఒక బోటు బొమ్మ గీసి, అందులో పట్టేది ఇంత అని గీత పెట్టి, "మొదటి రోజు మీరైతే ఏది ఉంచుకుంటారు?" అని అడిగితే, పిల్లలందరూ ఒక్క నిమిషంలో చేపలను పారేసేవాళ్లుగా మారిపోయారు. ఆ ప్రశ్న వేసిన అమ్మాయి మాత్రం బోటు పెద్దదైతే పారేయడం ఆగుతుందా అని అడిగింది. ఆగదని, పెద్ద బోటు ఇంకా దూరం పోతుందని అన్నాను. నేను చెప్పింది సరైనదేనా, గుమాస్తాగారూ?

ఇంకొక విషయం. రామప్ప వైపు మీ సంఘం వల లాగే రోజున పిల్లలను తీసుకురావచ్చా? అమ్మిన చేప ఎంత, ఇంటికి పోయినది ఎంత, పడేసినది ఎంత అన్నది తూకం వేసి రాయిస్తే బాగుంటుందని అనిపించింది. మీ సంఘం పుస్తకంలో పడేసిన చేప లెక్క పాతది ఏమైనా ఉంటే, దానితో పోల్చి చూస్తాం.

లెక్కల_గుమాస్తా

సరిగానే చెప్పారు. పెద్ద బోటుకు అప్పు పెద్దది, డీజిలు పెద్దది, కాబట్టి ఐసు గదిలో ప్రతి అడుగూ ఖరీదైన సరుకుతోనే నిండాలి. నేను చూసినంతలో రోజుకు పోయి రోజుకు వచ్చే చిన్న పడవలే తక్కువ పారేసేవి. వాళ్లకు ఏ చేపైనా ఆ సాయంత్రం రేవులో ఎవరో ఒకరు కొనేవారు.

రామప్ప_వల

తప్పకుండా రండి సార్. మృగశిరకు ముందు వారంలో లాగుతాం, తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాస్తాను. తెల్లవారకముందే కట్ట మీద ఉండాలి, పిల్లలకు మార్చుకునే బట్టలు తెమ్మనండి, బురద మోకాలు దాకా ఉంటుంది. తూకం మా దగ్గర ఉంది, గంపలు రెండు ఎక్కువ తెస్తే మంచిది.

పాత లెక్క మాత్రం దొరకదు. మా పుస్తకంలో వదిలిన పిల్లలు, అమ్మిన కిలోలు, వచ్చిన డబ్బు, పంచిన వాటా అని నాలుగు గడులే ఉన్నాయి. పడేసినదానికి గడి ఎప్పుడూ లేదు. ఈసారి గీత కొట్టి ఐదో గడి నేను పెడతాను, తూకం వేసి నింపే పని మీ పిల్లలది.